చీనీ కట్టెను బొగ్గు చేసే బట్టీ సర్వీస్: పని బాగుంది, చెప్పే మాటలే సరిగా లేవు

మాది కడప జిల్లా, వేంపల్లె పక్కన చీనీ తోట. ఏటా కత్తిరించిన కొమ్మలు, కంది కట్టె గట్టు మీద వేసి తగలబెట్టేవాళ్లం. ఈసారి బయోచార్ (నేలలో కలిపే కట్టెబొగ్గు) బట్టీ అద్దెకిచ్చేవాళ్లను పిలిపించాను. బట్టీ, ఇద్దరు మనుషులు కలిపి రోజుకు మూడు వేలు.

బట్టీ అంటే పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండే ఇనుప గరాటు. అడుగున మంట పెట్టి కట్టెను పొరలు పొరలుగా వేస్తారు. పై పొర మీద తెల్లటి బూడిద కనపడగానే ఇంకో పొర. పైన మండే మంట ఆక్సిజన్‌ను కిందికి పోనీయదు, అందుకే కింది కట్టె బూడిద కాకుండా బొగ్గవుతుంది. ఎండు కట్టె వేసినంతసేపూ పొగ దాదాపు లేదు. ఆ ఇద్దరికీ పని బాగా తెలుసు. చివర్లో నీళ్లతో ఆర్పాలి. దానికి ఎన్ని డ్రమ్ములు కావాలో మాత్రం ముందు చెప్పలేదు. బోరు సన్నగా పోసే మా చోట ఇది చిన్న విషయం కాదు.

బొగ్గును నేరుగా పాదుల్లో వెయ్యొద్దు. నేలలోని నత్రజనిని అదే పట్టేసుకుంటుంది. మేం పశువుల ఎరువుతో కలిపి కొన్ని వారాలు మాగనిచ్చి వేశాం. మా ఎర్రనేలలో ఆ పాదుల్లో తడి ఎక్కువసేపు నిలుస్తోంది. నల్లరేగడి వాళ్లు భూసార పరీక్ష చేయించుకున్నాకే దిగండి. బొగ్గుకు క్షారగుణం ఉంది, చౌడు నేలకు అది మంచిది కాదు.

నాకు నచ్చనిది వాళ్లు అమ్మే తీరు. చెట్టు గాల్లోంచి తీసుకున్న కార్బన్ బొగ్గుగా నేలలో ఉండిపోతుంది కాబట్టి, ఈ బొగ్గు నేలలో కలిపితే డీజిల్ ఇంజన్ పొగకు చెల్లుకు చెల్లు అంటున్నారు. లెక్క చూడండి. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంత కార్బన్ నేలలో దాచాలంటే కిలో మంచి బొగ్గు కావాలి, దానికి నాలుగైదు కిలోల ఎండు కట్టె కావాలి. అదే సోలార్ మోటారు పెట్టుకుంటే ఆ డీజిలే కాలదు.

కట్టె దొరికేదే కొంచెం. దాని బొగ్గును పొగ ఆపే వేరే దారిలేని చోటికే చెల్లుగా లెక్కకట్టాలి. మన ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలే ఉన్నాయి. రాక్షసి బొగ్గు మాని కరెంటుతో నడిపినా, సున్నపురాయి కాలినప్పుడు ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నెట్ జీరో (గాల్లోకి వదిలేదీ, తీసేదీ సమానం కావడం) చేరాలంటే ఇలా మిగిలిపోయే వాటి కోసం గాల్లోంచి కార్బన్ తీయక తప్పదని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ 2022 నివేదిక చెప్పింది. పొగ తగ్గించే పని మానుకోమని చెప్పలేదు. రాక్షసి బొగ్గు, పెట్రోలు, గ్యాస్ లాంటి వాటి నుంచి ప్రపంచం ఏడాదికి 3,700 కోట్ల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది. అడవుల సంగతి పక్కన పెడితే, బయోచార్ లాంటి కొత్త పద్ధతులన్నీ కలిసి తీసేది కోటి టన్నులు కూడా కాదు.

కార్బన్ క్రెడిట్ (నేలలో దాచిన కార్బన్‌కు కంపెనీలు కొనుక్కునే పత్రం) డబ్బులొస్తాయనీ అన్నారు. బొగ్గు తూకం వెయ్యలేదు, శాంపిల్ తీయలేదు. ఏ లెక్కా లేకుండా క్రెడిట్ ఎవరిస్తారు? ఆ ఆశతో పిలవొద్దు. నేల బాగు కోసమైతే మూడు వేలు న్యాయమైన రేటే. ఈ సర్వీస్‌కు అయిదుకు మూడున్నర మార్కులు ఇస్తున్నా. కట్టె బాగా ఎండాక, నీళ్లు నింపి పెట్టుకుని, తొలకరికి ముందే పిలవండి. గాలి లేని పొద్దున పూట మొదలుపెట్టమనండి.