జాగ్రత్త: ‘కడుపులో నరం పట్టింది’ అని అంటగట్టే పొడి, నూనె, బెల్టు కొనకండి

నల్లగొండ, పాలమూరు వైపు అంగళ్లలోనూ వాట్సాప్‌లోనూ కడుపు నరాలకని పేరులేని పొడి డబ్బా, నూనె సీసా, నడుము బెల్టు కలిపి అమ్మేవాళ్లున్నారు. కొన్నవాళ్ల తిప్పలు దాదాపు ఒకేలా ఉంటాయి: నాలుగు రోజుల్లో నొప్పి మాయం, డబ్బా అయిపోగానే మళ్లీ మొదలు. ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్, నొప్పి మాత్రలు నూరి కలపడం కొత్తేం కాదు. ఆకలి విపరీతంగా పెరగడం, మొఖం ఉబ్బడం, షుగర్ ఎగబాకడం చూస్తే అనుమానించాలి. వారాల తరబడి వాడి ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికే తగ్గిపోయి ఉంటుంది, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డబ్బాతో సహా వెంటనే డాక్టరు దగ్గరికి పోండి.

పొట్టలో నరం నొప్పి అబద్ధం కాదు. కానీ కారణాలు చాలా, ఒక్కోదానికి మందు వేరు. అన్నిటికీ ఒకే డబ్బా పనిచేయదు.

పరీక్షల్లో ఎక్కువగా దొరకకుండా పోయేది పొట్ట గోడలో చిక్కుకున్న నరం. నిలువు కండరం అంచున, బొడ్డుకు ఒక పక్కన, వేలి కొనంత చోట పొడిచినట్టు ఉంటుంది. స్కానింగ్, ఎండోస్కోపీ అన్నీ నార్మల్ వస్తాయి, పైసలు పోతాయి. 1926లో కార్నెట్ అనే డాక్టరు చెప్పిన పరీక్షకు ఖర్చే లేదు. వెల్లకిలా పడుకుని, నొప్పి చోట ఒక్క వేలితో నొక్కి పట్టి, తల, భుజాలు పైకి లేపండి. కండరం బిగిసినా నొప్పి తగ్గకపోతే, లేదా పెరిగితే, తేడా గోడలో ఉన్నట్టు. తగ్గితే లోపలి అవయవాలు చూడాలి. ఇది ఆనవాలు మాత్రమే, తీర్పు కాదు. డాక్టరు సరిగ్గా ఆ చోట లిగ్నోకైన్ (మొద్దుబార్చే మందు) సూది వేస్తే నిమిషాల్లో నొప్పి తగ్గుతుంది. రోగం తేల్చేదీ, చికిత్సా అదే. కొందరికి మళ్లీ మళ్లీ వేయాల్సి వస్తుంది. బిగుతు బెల్టు ఆ చోటనే ఒత్తి నొప్పిని పెంచుతుంది.

ఒక పక్కనే మంట పుట్టి, రెండు మూడు రోజులకు నీటి పొక్కులు లేస్తే అది సర్పి. నూనె రుద్దుకుంటూ కూర్చుంటే విలువైన గడువు దాటిపోతుంది. పొక్కులు వచ్చిన 72 గంటల్లోపు ఎసైక్లోవిర్ మొదలుపెట్టాలి. పెద్దవాళ్లకు మామూలుగా 800 మి.గ్రా. రోజుకు 5 సార్లు, 7 రోజులు. కిడ్నీ జబ్బు ఉంటే డోసు మారుతుంది, కాబట్టి సొంతంగా కొనుక్కోవద్దు.

షుగర్ ఉన్నవాళ్లలో చొక్కా తగిలినా మండటం, పొట్ట ఒక పక్క ఉబ్బినట్టు కనబడటం, బరువు తగ్గడం ఉంటే ఛాతీ, పొట్ట నరాలు దెబ్బతిన్నాయేమో చూడాలి. వీళ్లకే ఆ స్టెరాయిడ్ పొడి అన్నిటికన్నా ప్రమాదం. సిజేరియన్, హెర్నియా ఆపరేషన్ తర్వాత కుట్ల అంచు నుంచి గజ్జల్లోకి మంట పాకితే మచ్చలో నరం ఇరుక్కుని ఉండొచ్చు.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్లలో వెన్నుపూసల దగ్గర ఎముక పెరిగి నరాల మొదళ్లను నొక్కవచ్చు. వెన్ను నుంచి పొట్ట చుట్టూ పట్టీ బిగించినట్టు ఉంటుంది. వెన్ను టీబీ కూడా ఇలాగే రావచ్చు. కాళ్లు బలహీనపడినా, మూత్రం ఆగినా అదే రోజు దవాఖానకు పోవాలి. పొట్ట చెక్కలా గట్టిపడటం, ఆగని వాంతులు, జ్వరం, కింది నుంచి గాలి పోకపోవడం, నల్ల విరేచనం ఉంటే నరమని సర్దిచెప్పుకోవద్దు.

మందుల షాపులో డాక్టరు చీటీ లేకుండా ప్రెగాబాలిన్ (నరాల నొప్పి మందు) ఇచ్చినా తీసుకోకండి. మత్తు, తూలడం వస్తాయి, బండి నడపడం ప్రమాదం. బీ12 సూదుల కోర్సు కూడా అంతే, లోపం ఉందని పరీక్షలో తేలకుండా పైసలు కట్టకండి.

ఇప్పటికే కొన్నవాళ్లు మిగిలిన పొడి పారేయకుండా, పైసలు పంపిన స్క్రీన్‌షాట్‌తో పాటు దాచండి. లేబుల్ మీద తయారీదారు చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు లేకపోతే జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాసివ్వండి. పైసల గొడవకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.