కుస్కోలో బస్సు టూర్ కొంటున్నారా? ఆగండి

పెరూలోని కుస్కో చౌకులో మనిషికి 80 సోల్‌ల చొప్పున ముగ్గురికి 240 సోల్‌లు కట్టి 'పవిత్ర లోయ' బస్సు టూర్ కొన్నాం. సోల్ అంటే పెరూ డబ్బు, మేం వెళ్లినప్పుడు ఒక్కోటి ఇరవై రెండు, ఇరవై మూడు రూపాయలు. గైడ్, భోజనం అన్నీ కలిపే అన్నారు. ప్రవేశ టికెట్లు అందులో లేవని బస్సెక్కాక చెప్పారు. ఆ కంపెనీ పేరు రాయను గానీ, అక్కడ ఇలాంటివి వీధికి పది ఉన్నాయి.

వెళ్లింది నేను, మా ఆవిడ, బావమరిది. న్యూజెర్సీ నుంచి లిమా మీదుగా కుస్కో దాకా ఏ ఇబ్బందీ లేదు. అమెరికా గ్రీన్ కార్డు గానీ, కనీసం ఆరు నెలల గడువున్న వీసా గానీ ఉంటే ఇండియా పాస్‌పోర్ట్ మీద పెరూకి విడిగా వీసా అక్కర్లేదు. కుస్కో ఎత్తు 3,400 మీటర్లు. దిగిన దగ్గర్నుంచి మా ఆవిడకి తలనొప్పి, దాంతో పాటు నా మీద కోపం. కోకా ఆకుల టీతో మొదటిది కాస్త తగ్గింది.

ఇక టూర్ సంగతి. వెండి నగల దుకాణంలో గంట, ఉన్ని శాలువాల దుకాణంలో ముప్పావు గంట. భోజనం పేరుతో చల్లారిపోయిన అన్నం, బంగాళదుంపలు. ఆ లోయలోని ఒయాంతైతాంబో అనే ఊరు చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. "నలభై నిమిషాలు, ఫొటోలు తీసుకుని వచ్చేయండి" అని గైడ్ జెండా ఊపాడు. నేను పెరూ వచ్చిందే ఈ ఊరి కోసం. పాత 'ఇంకా' సామ్రాజ్యపు రాజు మాంకో, స్పెయిన్ సైన్యాన్ని తరిమికొట్టింది ఎక్కడ అని అడిగితే, "అది మీ ప్యాకేజీలో లేదు సర్" అన్నాడు.

మా టికెట్ 130 సోల్‌ల 'బొలేతో తురిస్తికో', అంటే చాలా చోట్లకి కలిపి ఇచ్చే ఒకే టికెట్, పది రోజులు చెల్లుతుంది. కానీ ఒక్కో చోటికి ఒక్కసారే, గేటు దగ్గర చిల్లు పొడుస్తారు. నలభై నిమిషాల కోసం ఆ చిల్లు పొడిపించుకోవడం నాకు ఇష్టం లేదు. బస్సుని పొమ్మన్నాం. సామానంతా కుస్కో హోటల్లోనే ఉంది, చేతిలో బ్రష్‌లు కూడా లేవు. బావమరిది కాసేపు నాతో మాట్లాడలేదు.

రాత్రికి కాలవ పక్కన ఒక ఇంట్లో రెండు గదులు, 150 సోల్‌లు. వేడినీళ్లు నిజంగానే వేడిగా వచ్చాయి, కుస్కో హోటల్లో ఆ భాగ్యం లేదు. ఊరి వీధుల పక్కన ఇంకాలు కట్టిన రాతి కాలవల్లో ఇప్పటికీ నీళ్లు పరుగెడుతుంటాయి. పొద్దున్నే ఒకావిడ మగ్గు ముంచి గుమ్మం ముందు చల్లుకుంటోంది.

గేటు దగ్గర స్థానిక గైడ్‌ని మాట్లాడుకున్నాం, 100 సోల్‌లు. అతని మాతృభాష ఇంకాల భాష అయిన కెచువా. ఇంగ్లిష్ నిదానంగా, ఒక్కో మాట వెతుక్కుంటూ మాట్లాడతాడు. మెట్ల పొలాల మధ్య నిలబెట్టి కథ మొదలుపెట్టాడు.

1533లో ఇంకా చక్రవర్తి అతావల్పను చంపించాక, ఫ్రాన్సిస్కో పిజారో యువకుడైన మాంకోని గద్దె ఎక్కించాడు. చెప్పినట్టు వింటాడనుకున్నాడు. పిజారో తమ్ముళ్లు బంగారం తెమ్మని మాంకోని గొలుసులతో కట్టారు, అతని భార్యని లాక్కున్నారు. 1536 ఏప్రిల్‌లో మాంకో, తన తండ్రి వైనా కాపాక్ నిలువెత్తు బంగారు బొమ్మ తెచ్చిస్తానని ఆ తమ్ముళ్లలో ఒకడైన ఎర్నాండో పిజారోకి ఆశపెట్టి కుస్కో దాటాడు. దురాశకి అంతకంటే మంచి ఎర ఉండదు! బొమ్మ రాలేదు, సైన్యం వచ్చింది. మే నెలలో కుస్కోని చుట్టుముట్టి, కాల్చిన రాళ్లను వడిసెలలతో గడ్డి కప్పుల మీద విసిరి ఊరంతా తగలబెట్టారు. కుస్కో పైనున్న సాక్సాయ్‌వామాన్ కోట కోసం జరిగిన పోరులో తలకి రాయి తగిలి మరో తమ్ముడు హువాన్ పిజారో పోయాడు. ఆ కోటకి మేం ముందే వెళ్లాం. దాని బురుజుల్లో ఇప్పుడు మిగిలింది పునాదులే. రాళ్లన్నీ స్పెయిన్‌వాళ్లు ఇళ్లకీ చర్చిలకీ మోసుకుపోయారు.

1537 జనవరిలో మాంకోని పట్టుకోవడానికి ఎర్నాండో ఈ ఊరి మీదికొచ్చాడు. పైనుంచి రాళ్లు, బాణాలు. కింద మైదానంలోకి మాంకో మనుషులు నది నీళ్లు వదిలేశారు. గుర్రాల పొట్టల దాకా నీళ్లొచ్చాయి. స్పెయిన్‌కి గుర్రమే పెద్ద బలం, ఆ బలం బురదలో కూరుకుపోయింది. మాంకో మాత్రం వాళ్ల దగ్గర పట్టిన గుర్రం మీదే, ఈటె పట్టుకుని తిరిగాడట. ఎర్నాండో గుడారాలు వదిలేసి రాత్రికి రాత్రే పారిపోయాడు. అంతా విని బావమరిది "ఇది నిన్న ఎందుకు చెప్పలేదు?" అన్నాడు, గైడ్‌ని కాదు, నన్ను.

ఇందులో మంచివాళ్లూ చెడ్డవాళ్లూ అన్న లెక్క కుదరదని కూడా గైడే చెప్పాడు. కన్యారి లాంటి తెగలు ఇంకాల మీద పాత పగతో స్పెయిన్ వైపు పోరాడాయి. మాంకో ఇక్కడ గెలిచినా నిలవలేక విల్కబాంబ అడవులకి పోయాడు. తాను ఆశ్రయమిచ్చిన స్పెయిన్‌వాళ్ల చేతుల్లోనే చచ్చాడు. అతని కొడుకు తుపాక్ అమారుని 1572లో కుస్కో చౌకులో తల నరికారు. అదే పేరు పెట్టుకుని 1780లో తిరగబడిన హోసే గాబ్రియేల్ కొండోర్కాన్కినీ, అతని భార్య మికాయేలా బస్తీదాస్‌నీ 1781 మే 18న అక్కడే చంపారు. ఆ చౌకు పక్క బాల్కనీలో మూడు కాఫీలకి మా దగ్గర 42 సోల్‌లు తీసుకున్నారు.

మధ్యాహ్నం మార్కెట్ పక్కన చిన్న హోటల్లో కినువా సూప్, పెద్ద గింజల మొక్కజొన్న, జున్ను, మనిషికి 15 సోల్‌లు. మాది శాకాహారం అని చెబితే వంటావిడ నవ్వి లోపలికెళ్లింది. పలక రాయి మీద అర్ధచంద్రాకారపు బరువైన రాయిని అటూ ఇటూ ఊపుతూ రొకోతో మిరపకాయలు, వేరుశనగలు, వకటాయ్ ఆకు కలిపి నూరింది. అచ్చం మన రోటి పచ్చడే. ఇల్లు వదిలాక మా ఆవిడ మారు వడ్డించమనడం ఇదే మొదటిసారి. రొకోతో ఘాటు మామూలుగా ఉండదు, జాగ్రత్త.

కాబట్టి ఒయాంతైతాంబోలో ఒక రాత్రి ఉండండి. ఎత్తు 2,800 మీటర్లే కాబట్టి తలనొప్పి కూడా తగ్గుతుంది. మచు పిచ్చు రైలు ఇక్కడినుంచే ఎక్కొచ్చు. కుస్కో నుంచి షేర్ వ్యాన్‌కి మాకు మనిషికి 15 సోల్‌లు పడింది. గేటు దగ్గర గైడ్‌తో బేరం ఆడకండి, ఆ బేరమేదో టూర్ కంపెనీతో ఆడండి.

కుస్కో వచ్చాక ఆ కంపెనీకి వెళ్లి సగం డబ్బు అడిగాం. ఇంకో టూర్ కొంటే పది శాతం తగ్గిస్తామని కౌంటర్లో అమ్మాయి కూపన్ ఇచ్చింది. మా ఆవిడ తెలుగులో నాలుగు మాటలు అనేసింది. ఆ అమ్మాయి నవ్వుతూ థాంక్యూ చెప్పింది.