ముసురు రోజుల్లో బట్టలు ఆరేసుకునే మడత స్టాండు

విశాఖపట్నంలో 4 రోజులుగా ముసురు వదలకపోవడంతో, పేరుకుపోయిన ఉతుకుడు పనిని ఇంట్లోనే పూర్తిచేసుకోవడానికి ఈ స్టీలు మడత స్టాండు నాకు ఎంతో ఆసరా అయింది. గాలిలో తేమ ఎక్కువైతే బట్టల తడి త్వరగా ఆవిరి కాదు కనుక, వాటి మధ్య బెత్తెడు ఎడం వదిలి, స్టాండును ఫ్యాను కింద ఉంచి, కిటికీ కాస్త తెరిచాను. చొక్కాలు సాయంత్రానికే ఆరాయి. తువ్వాళ్లు, జీన్సు ప్యాంట్ల నడుము పట్టీలు ఆరడానికి మాత్రం మర్నాటి దాకా పట్టింది. తడి దుప్పటిని ఒకే రెక్కపై వేస్తే స్టాండు పక్కకు ఒరుగుతుంది, కాబట్టి రెండు రెక్కల మీదుగా పరచాలి. ఒక చక్రం మొదటి వారంలోనే బిగుసుకుపోవడం నాకు నచ్చలేదు. అయినా, సోమవారం పొద్దున ముక్కవాసన లేని యూనిఫాం మా పాప వేసుకోగలిగింది. బాల్కనీ లేని ఇళ్లవారు దీన్ని నిస్సంకోచంగా కొనుక్కోవచ్చు.