కార్బ్యురేటరా, ఇంజెక్షనా: కిట్ కారు రోడ్డెక్కాలంటే ఏది మేలు?

బ్రిటన్‌లో లోటస్ సెవెన్ (లోటస్ కంపెనీ చిన్న స్పోర్ట్స్ కారు) తరహా కిట్ కారు, అంటే విడిభాగాలు తెచ్చి సొంతంగా బిగించుకునే కారు, కట్టుకునేవారు ఛాసిస్ మీద ఒక్క బోల్టు బిగించకముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఇంజినుకు పెట్రోలు ఏ దారిన అందాలి? ఇంజిను పీల్చే గాలిలోకి పెట్రోలును కలిపే కార్బ్యురేటరు ద్వారానా, ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ ద్వారానా? చాలామంది దీన్ని అందానికి, చప్పుడుకు సంబంధించిన సంగతిగా చూస్తారు. బోనెట్ పక్కనుంచి తొంగిచూసే జంట వెబర్ కార్బ్యురేటర్ల మీద మోజు లేనివాళ్లు ఈ పనికి దిగడమే అరుదు. అయితే బండికి నంబరు ప్లేటు వచ్చేలోపు ఎదురయ్యే మొండి తలనొప్పులు చాలావరకు ఈ నిర్ణయాన్ని బట్టే ఉంటాయి.

పవరు ఎంత పెరుగుతుందన్నది నా కొలమానం కాదు. బండి మొరాయించినప్పుడు లోపం ఎక్కడుందో ఎంత త్వరగా దొరుకుతుందన్నదే నాకు ముఖ్యం. కంపెనీలో తయారైన కారు ఆగిపోతే ‘నిన్నటిదాకా బాగానే నడిచింది’ అన్న ఆధారం ఒకటి ఉంటుంది. కిట్ కారుకు నిన్న అనేదే లేదు. వైరింగు, ట్యాంకు, పైపులు, ఎర్త్ అన్నీ ఒకేసారి కొత్తవి, అన్నీ మన చేత్తో బిగించినవే. అనుమానించవలసినవి ఎంత తక్కువైతే అంత మంచిది.

ముందు నిబంధనల సంగతి. లోటస్ కంపెనీ అధిపతి కోలిన్ చాప్‌మన్ 1957లో సెవెన్‌ను తెచ్చినప్పుడు విడిభాగాలుగా కొనుక్కుంటే కొనుగోలు పన్ను ఉండేది కాదు, అందుకే ఇళ్ల వెనుక షెడ్లలో కార్లు తయారయ్యాయి. 1973లో వ్యాట్ వచ్చాక ఆ లాభం పోయింది, సరదా మాత్రం పోలేదు. (మన దేశంలో తయారీదారు నిర్దేశించిన రూపాన్ని మార్చడానికే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డుపడుతుంది, సొంతంగా కట్టిన కారుకు రిజిస్ట్రేషన్ అడగడం ఇంకెంత కష్టమో ఊహించుకోవచ్చు.) బ్రిటన్‌లో ఇప్పుడు ఇలాంటి బండి ఐవీఏ అనే తనిఖీ దాటాలి. 2009కి ముందు దాని స్థానంలో ఎస్‌వీఏ ఉండేది. చెయ్యి తగిలే అంచులు కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా ఉండాలి, శబ్దం 99 డెసిబెల్స్ దాటకూడదు, స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. వీటిని దాటడానికి ఓపిక చాలు. పొగ పరీక్ష దగ్గర మాత్రం ఇంజిను వయసు లెక్కలోకి వస్తుంది.

1986 ఆగస్టుకు ముందు ఇంజినైతే ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం దాకా ఫరవాలేదు. తర్వాత వచ్చిన, క్యాటలిస్టు (పొగను శుద్ధి చేసే పరికరం) లేని తరానికి 3.5 శాతం. ట్యూనింగు సరిగా ఉన్న కార్బ్యురేటరు ఈ రెండూ దాటగలదు. క్యాటలిస్టు తరం ఇంజినుకు రేసు పెంచి ఉంచినప్పుడు 0.2 శాతమే హద్దు, లామ్డా (గాలి, పెట్రోలు పాళ్లు సరిగ్గా ఉంటే 1 చూపే కొలత) 0.97కీ 1.03కీ మధ్య నిలబడాలి. కార్బ్యురేటరుతో ఆ గీత మీద నిలబెట్టాలనుకోవడం వృథా ప్రయాస. ఇంజిను వయసుకు కాగితం రుజువు లేకపోతే కొత్త ఇంజినుగానే చూస్తారు. అందుకే బోనెట్ తెరవకముందే ఇంజిను నంబరుకు ఆధారం సంపాదించాలి.

జంట వెబర్లు

1980ల ఫోర్డ్ సియెర్రా నుంచి తీసిన పింటో ఇంజినుకు వెబర్ కంపెనీ డీసీఓఈ రకం కార్బ్యురేటర్లు బిగించడం ఈ రంగంలో పాత దారి. దీని గొప్పతనం ఏమిటంటే, లోపాలు కంటికి, చెవికి, ముక్కుకు అందుతాయి. కార్బ్యురేటరు నోట్లోంచి టప్‌మని ఎదురు పేలితే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని అర్థం. ప్లగ్గులు మసిబారితే ఎక్కువైంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చేదాకా మన మోటార్‌సైకిళ్లు ఎక్కువగా కార్బ్యురేటర్లతోనే నడిచాయి కాబట్టి, ఓవర్‌ఫ్లో (కార్బ్యురేటరు నుంచి పెట్రోలు పొంగిపోవడం) అంటే ఏమిటో తెలుగునాట ఏ వీధి మెకానిక్కుకూ చెప్పనక్కర్లేదు.

ఆ ఓవర్‌ఫ్లోకే కిట్ కారులో రెండు ప్రత్యేక కారణాలు ఉంటాయి. మొదటిది పంపు. డీసీఓఈకి కావలసిన ఒత్తిడి సుమారు 3 పీఎస్‌ఐ. దాత కారులోని (ఇంజిను, భాగాలు తీసుకున్న పాత కారులోని) ఇంజెక్షన్ పంపు 40 పీఎస్‌ఐకి పైగా తోస్తుంది. దాన్నే వాడేస్తే కార్బ్యురేటరులోకి పెట్రోలును అదుపు చేసే నీడిల్ వాల్వు ఆ ఒత్తిడిని ఆపలేదు, పెట్రోలు పొంగి వేడి ఎగ్జాస్టు మీద పడుతుంది. అది ట్యూనింగు సమస్య కాదు, నిప్పు ప్రమాదం. రెండోది బిగింపు. నాలుగు సిలిండర్ల ఇంజిను అదురుకు ఫ్లోట్ ఛాంబర్లో (కార్బ్యురేటరులో పెట్రోలు నిలిచే గదిలో) పెట్రోలు నురగ కడుతుంది. అది రాకూడదనే కార్బ్యురేటర్లను రబ్బరు రింగుల మీద, స్ప్రింగు వాషర్లతో, కాస్త ఊగేలా నిలబెడతారు. గట్టిగా ఉంటే మంచిదనుకుని నట్లను చివరిదాకా బిగించేవాళ్లే ఎక్కువ. తర్వాత వాళ్లు జెట్లు (పెట్రోలు కొలిచి వదిలే సన్నటి రంధ్రాల ముక్కలు) మారుస్తూ కూర్చుంటారు, ఐడ్లింగ్ మాత్రం కుదరదు.

జెట్ల జోలికి వెళ్లకముందు ఇగ్నిషన్ సరిచూడాలి. టైమింగు తప్పినా, డిస్ట్రిబ్యూటరు అడ్వాన్సు ఇరుక్కుపోయినా లక్షణాలు కార్బ్యురేటరు లోపంలాగే కనిపిస్తాయి. ఆ తర్వాత మ్యానిఫోల్డు దగ్గర గాలి లీకులు, ఆపైన ఫ్లోటు ఎత్తు, ఆఖరున జెట్లు. ఈ వరుస తప్పితే ఒక లోపాన్ని ఇంకో లోపంతో కప్పినట్లవుతుంది.

ఇథనాల్ సంగతి కూడా మరవకూడదు. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఇ10, అంటే 10 శాతం దాకా ఇథనాల్ కలిసినది. మన ఇ20 చర్చ విన్నవారికి చెప్పనక్కర్లేదు: పాత రబ్బరు పైపులు మెత్తబడి పొరలు విడుస్తాయి, ఆ ముక్కలు వెళ్లి జెట్లలో అడ్డుపడతాయి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కనుక పాత జెట్లతో మిశ్రమం కొంచెం పలచబడుతుంది కూడా.

దాత కారు ఇంజెక్షన్‌ను ఉన్నదున్నట్టు

మాజ్దా ఎంఎక్స్-5 తొలి తరం 1.6 లీటర్ల కారు దీనికి మంచి ఉదాహరణ. దాని ఇంజిను, గేర్‌బాక్సు, ఈసీయూ (ఇంజినును నడిపే కంప్యూటరు)లతో పాటు వైరింగు మొత్తం ఒక్క తీగ కూడా తెంపకుండా తీసి కొత్త ఛాసిస్‌లో పరిచేస్తారు. వైర్ల కట్ట చూడటానికి అడవిలా ఉంటుంది. అక్కర్లేని తీగలను కత్తిరించాలని చెయ్యి దురదపెడుతుంది. బండి నడిచి, తనిఖీ దాటేదాకా ఆ కత్తెర దాచెయ్యాలి. ‘నిన్నటిదాకా నడిచింది’ అన్న ఆధారం కిట్ కారుకు దక్కేది ఆ వైరింగులోనే. దాత కారును విప్పకముందే నడిపి చూసుకుంటే ఆ ఆధారం ఇంకా గట్టిపడుతుంది.

ఈ ఇంజినులో తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటి చెప్తాను. స్టార్ట్ అవుతుంది, రెండు క్షణాల్లో ఆగిపోతుంది. అందరూ పంపును అనుమానించి కొత్తది కొంటారు. ఈ 1.6లో గాలిని కొలిచే పెట్టెలో ఒక రెక్క ఉంటుంది, గాలి దాన్ని తోస్తేనే పంపుకు కరెంటు అందుతుంది. కిట్ కారులో గాలి పైపును కొత్త దారిలో తిప్పుతాం కదా, ఆ అతుకుల్లో ఎక్కడో సందు ఉంటే గాలి రెక్కను తప్పించుకుని లోపలికి వెళ్తుంది. స్టార్టరు వదలగానే పంపు ఆగుతుంది. బోనెట్ కింద ఉన్న చిన్న డయాగ్నస్టిక్ పెట్టెలో ఎఫ్/పీ, జీఎన్‌డీ గుర్తులున్న రంధ్రాలను చిన్న తీగతో కలిపి ఇగ్నిషన్ ఆన్ చేస్తే పంపు దానంతట అదే తిరుగుతుంది. అప్పుడు ఇంజిను ఆగకుండా నడిస్తే పంపు నిర్దోషి, వెతకవలసింది గాలి పైపులో. అదే పెట్టెలో టీఈఎన్, జీఎన్‌డీ కలిపి టైమింగును 10 డిగ్రీలకు సరిచూసుకోవచ్చు. కంపెనీ మనకోసం వదిలిపెట్టిన ఇలాంటి సదుపాయాలు వెబర్లకు లేవు.

దీనికీ లోపాలున్నాయి. గాలి కొలిచే పెట్టె పెద్దది, సన్నటి బోనెట్ కింద ఇమడదు. అధిక ఒత్తిడి పైపులు, ట్యాంకుకు తిరుగు పైపు, మలుపుల్లో పెట్రోలు పక్కకు జరిగినా పంపు గాలి మింగకుండా లోపల అడ్డుగోడలు కావాలి. ఇంకొంచెం కొత్త దాత కార్లలో దొంగతనం ఆపే ఇమ్మొబిలైజరు ఉంటుంది. తాళంచెవి, దాని రీడరు, ఈసీయూ మూడూ ఒకే బండివి కాకపోతే స్టార్టరు తిరుగుతూనే ఉంటుంది, ఇంజిను అంటుకోదు.

థ్రాటిల్ బాడీలు, బయటి ఈసీయూ

ఒక్కో సిలిండరుకు విడిగా గాలి ద్వారం (థ్రాటిల్ బాడీ) పెట్టి, విడిగా కొన్న ఈసీయూతో ఇంజెక్షన్ నడపడం ఇది. దీన్ని త్వరగా చెప్పేస్తాను, మొదటిసారి కట్టేవాళ్లకు నేను వద్దంటాను గనుక. పవరుకూ పొగకూ రెంటికీ ఇదే శ్రేష్ఠం, సరైన మ్యాపు (ఎప్పుడు ఎంత పెట్రోలు, ఎప్పుడు నిప్పురవ్వ అని ఈసీయూలో పెట్టే పట్టిక) ఉంటే. కానీ ఇంజిను అంటుకోకపోతే తప్పు సెన్సారుదా, తీగదా, మ్యాపుదా అన్నది తేలదు. క్రాంక్ సెన్సారు రెండు తీగలు అటూ ఇటూ మారినా టైమింగు వేగంతో పాటు జారిపోతుంది. ల్యాప్‌టాప్ తెర మీద 10 డిగ్రీలు కనిపిస్తున్నంత మాత్రాన క్రాంకు దగ్గర 10 ఉన్నట్టు కాదు, స్ట్రోబ్ లైటు పెట్టి చూసే దాకా ఏ మ్యాపునూ నమ్మకూడదు.

మూడు దారులకూ ఉమ్మడి శత్రువు ఎర్త్. ఫైబర్ బాడీలో కరెంటు వెనక్కి రావడానికి దారి ఉండదు, ఛాసిస్‌కు పౌడర్ కోటింగు పూత. బోల్టు కింద పూత గీకకపోతే అక్కడ ఎర్త్ లేనట్టే. స్టార్టరు తిప్పుతూ బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజిను బ్లాకుకూ మధ్య వోల్టేజి కొలవండి. 0.2 వోల్టు దాటితే ముందు ఆ తీగ సంగతి చూడాలి. కార్బ్యురేటరు బండి దీన్ని కొంత సహిస్తుంది, ఈసీయూ సహించదు.

నా తీర్పు ఇది. చేతిలో 1986కు ముందు ఇంజిను, దాని వయసుకు కాగితం ఉంటే వెబర్లే మేలు, రెండో ఆలోచన వద్దు. తర్వాతి తరం ఇంజినైతే దాత కారు ఇంజెక్షన్‌నే, తెంపకుండా. బోనెట్ అందం చెడుతుందని బాధగా ఉంటే థ్రాటిల్ బాడీలను నంబరు ప్లేటు వచ్చాక బిగించుకోవచ్చు. అప్పుడైనా విప్పిన పాత భాగాలు, వైరింగు అమ్మెయ్యకుండా పేర్లు రాసి అట్టపెట్టెలో ఉంచండి. ఎంఓటీకి (బండ్లకు ఏటా జరిగే తనిఖీకి) వెళ్లినప్పుడు పొగ లెక్క మళ్లీ అడుగుతారు.