22 ఏళ్ల బోర్బన్ అని వేలు పోయబోయేవాళ్లు కాస్త ఆగండి

డాలస్ చుట్టుపక్కల మందు షాపుల్లో ఇప్పుడు ఒక బేరం జోరుగా నడుస్తోంది. తాళం వేసిన గాజు బీరువాలో 18, 20, 22 ఏళ్ల సింగిల్ బ్యారెల్ (ఒకే పీపాలోంచి నింపిన) బోర్బన్లు, అంటే అమెరికన్ మొక్కజొన్న విస్కీలు, పెట్టి, "అన్నా, ఇది మళ్లీ రాదు, పీపాలో మిగిలిందే ఇంత" అంటారు. మేం నలుగురం తలా ఇంత వేసుకుని అలాంటి 22 ఏళ్ల సీసా ఒకటి కొన్నాం. ధర నాలుగంకెల్లో. తీరా తాగితే పచ్చి వక్క నమిలినట్టు నోరంతా పిడచకట్టుకుపోయింది. తెరిచిన సీసా వెనక్కి తీసుకోం అన్నారు. ఇంకొకరి డబ్బు ఇలా పోకూడదనే ఈ పోస్టు. షాపు పేరు, సీసా పేరు రాయను. ఈ బాగోతం ఆ ఒక్క షాపుతో ఆగేది కాదు.

ముందు మాకు జరిగింది చెబుతా. కొనేముందు రుచి చూపించారు, అది నిజమే. షాపువాడు కౌంటర్ కింద నుంచి తెరిచిన సీసా తీసి చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో పోశాడు. బాగుంది. ఎండు చెర్రీ, పొగాకు, చివర్లో కాస్త కొబ్బరి వాసన. ఒక్క చుక్క కూడా గొంతులో గరగరమనలేదు. సరే అని డబ్బు కట్టాం. బీరువాలోంచి అట్టపెట్టె తీసి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి తెరిస్తే వేరే లోకం. మావాడు షాపులో తీసిన ఫొటో పెద్దది చేసి చూశాడు. లేబుల్ అదే, ఏళ్లు అవే, కానీ చేత్తో రాసిన బ్యారెల్ నంబరు వేరు. ప్రూఫ్ (ఆల్కహాల్ శాతానికి రెట్టింపు అంకె) కూడా వేరు. రుచి చూపించింది 101, మాకు అంటగట్టింది 128. మర్నాడు వెళ్లి అడిగితే "బ్రాండ్ అదే కదన్నా, ఏజ్ అదే కదా, పైగా ప్రూఫ్ ఎక్కువ, మీకే లాభం" అన్నాడు. "మూత తీసి కొన్ని వారాలు గాలి తగలనివ్వండి, సర్దుకుంటుంది" అని ఒక ఉచిత సలహా కూడా పారేశాడు.

సర్దుకోదు. తెరిచిన కొత్తలో ఉండే స్పిరిట్ ఘాటు గాలికి కొంత తగ్గొచ్చేమో గానీ, చెక్కలోంచి దిగిన వగరు ఎక్కడికీ పోదు. ఇది అర్థం కావాలంటే బోర్బన్ ఎలా పాతబడుతుందో కాస్త తెలియాలి.

స్కాచ్ లెక్క మన బుర్రల్లో బాగా పాతుకుపోయింది. 12 కంటే 18 మేలు, 18 కంటే 25 మేలు. స్కాచ్‌ని ఎక్కువగా వాడేసిన పీపాల్లో, అదీ చల్లటి దేశంలో పెడతారు. చెక్కలో సారం ముందే సగం దిగిపోయి ఉంటుంది కాబట్టి 25 ఏళ్లున్నా చెక్క నెత్తికెక్కదు. బోర్బన్‌కి అమెరికా చట్టం ప్రకారం లోపల కాల్చి బొగ్గు చేసిన కొత్త ఓక్ పీపానే వాడాలి. 51 శాతానికి తగ్గకుండా మొక్కజొన్న, పీపాలో పోసేటప్పుడు 125 ప్రూఫ్ మించకూడదు, ఇలాంటి నిబంధనలు ఇంకా ఉన్నాయి. రుచిని తేల్చేది మాత్రం ఆ కొత్త పీపా. వనీలా, కారమెల్, కొబ్బరి, లవంగం వాసనలన్నీ అందులోంచే వస్తాయి. వగరు పుట్టించే టానిన్లూ అందులోంచే వస్తాయి. బోర్బన్ ఎక్కువగా తయారయ్యే కెంటకీ రాష్ట్రంలో ఎండాకాలం మన రోహిణి కార్తె అంత కాకపోయినా తక్కువదేం కాదు. వేడికి విస్కీ చెక్కలోకి దూరుతుంది, చలికి బయటికొస్తుంది. ఏటా ఇదే తంతు. తియ్యదనం ఇచ్చేవి తొలి ఏళ్లలోనే చాలావరకు దిగుతాయి, వగరు మాత్రం దిగుతూనే ఉంటుంది.

ఇక ఆవిరి సంగతి. ఏటా 3 నుంచి 5 శాతం గాల్లో కలుస్తుందని మామూలు లెక్క. పీపా పట్టేది 53 గ్యాలన్లు. 20 ఏళ్లు దాటేసరికి తరచూ సగం కూడా మిగలదు. గోదాము పై అంతస్తుల వేడిలో ఆల్కహాల్ కంటే నీళ్లు ఎక్కువ పోతాయి, ప్రూఫ్ పైకెక్కుతుంది, మిగిలిన దాంట్లో చెక్క సారం చిక్కబడుతుంది. మా సీసా మీద 128 అంటే అర్థం ఇదే. పోసిన నాటికంటే పైకెక్కింది. షాపువాడు లాభం అన్నది అసలు ప్రమాద సూచిక. 22 ఏళ్ల బోర్బన్‌కి కట్టే ధరలో పెద్ద భాగం గాల్లో కలిసిపోయిన సరుకుకి. రుచికి గ్యారంటీ ఏమీ లేదు.

తయారుచేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. 1974లో పెన్సిల్వేనియాలో తీసిన ఎ.హెచ్. హిర్ష్ బోర్బన్‌ని 16 ఏళ్లకు పీపాల్లోంచి తీసి స్టీలు ట్యాంకుల్లో పోశారు, ఇక చెక్క తగలకుండా. ఈనాటికీ దాన్ని కథలుగా చెప్పుకుంటారు. కెంటకీలోని బఫెలో ట్రేస్ డిస్టిలరీ వాళ్లు 2018లో చల్లబరిచే గోదామే ఒకటి కట్టారు, కెంటకీ వేడిలో బోర్బన్‌ని ఎక్కువ ఏళ్లు ఉంచడం అంత కష్టం గనక. వైల్డ్ టర్కీ డిస్టిలరీలో 1954 నుంచి బోర్బన్ తయారీలో ఉన్న జిమ్మీ రసెల్ మరీ ముసలి బోర్బన్ తనకు పడదని ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నాడు. పాపీ వాన్ వింకిల్ అనే పేరుమోసిన బోర్బన్ కోసం చొక్కాలు చించుకునేవాళ్లలో కూడా 23 ఏళ్లదాని కంటే 15 ఏళ్లది మేలనేవాళ్లు బోలెడు.

పాతవన్నీ చెత్త అనట్లేదు. షాపులో ఆ ప్లాస్టిక్ కప్పులో తాగింది నిజంగా గొప్పగా ఉంది. దొరికితే అదే కొనేవాణ్ణి.

రుచి చూసేటప్పుడు ఏం చూడాలో చెబుతా. బిర్యానీ తిని, ఆవకాయ నంజుకుని వెళ్లొద్దు, నాలుక అప్పటికే సెలవులో ఉంటుంది. రంగు చూసి మురిసిపోవద్దు. స్ట్రెయిట్ బోర్బన్‌లో (కనీసం రెండేళ్లు పీపాలో ఉన్నది) రంగు కలపకూడదు కాబట్టి నలుపెక్కిన రంగు చెక్కదే, అది మంచికీ సాక్ష్యం కాదు, చెడుకీ కాదు. మొదటి గుటక లెక్కలోకి తీసుకోవద్దు, నోరు అలవాటుపడాలి. రెండోది నాలుక మీద కాసేపు ఉంచి మింగి, నోరు మూసుకుని కూర్చోండి. పండు, తీపి, మొక్కజొన్న వాసన ఏదైనా చెక్క వెనక నుంచి పలుకుతోందా? పలికితే పీపా బతికుంది. మొదట్లో చెక్కపొడి, మధ్యలో ఏమీ లేక, చివర్లో చేదు, చిగుళ్లు లాగేస్తున్నట్టు పొడిబారడం ఉంటే అయిపోయినట్టే. "ఫినిష్ (మింగాక మిగిలే రుచి) ఎంత లాంగ్‌గా ఉందో చూడన్నా" అంటాడు అమ్మేవాడు. చేదు కూడా చాలాసేపే ఉంటుంది.

అసలు పరీక్ష నీళ్లది. నాలుగైదు చుక్కలు వేయండి. మంచి పాత బోర్బన్ అయితే అప్పటిదాకా దాక్కున్న చెర్రీ, తేనె బయటికొస్తాయి. మా సీసాలో వేస్తే ఉన్న కాస్త తీపి కూడా పోయి, తడిసిన బీరువా తలుపు వాసన వచ్చింది. అనుమానం తీరక గ్లాసుల కింద చీటీలు అంటించి, పక్కన నాబ్ క్రీక్ అనే 12 ఏళ్ల బోర్బన్ పోసి, ఏది ఏదో తెలియకుండా మావాళ్లకు ఇచ్చా. ముగ్గురు నాబ్ క్రీక్ వైపే చెయ్యెత్తారు. నాలుగోవాడికి 22 ఏళ్లదే నచ్చింది. వాడికి చెక్క ఇష్టం, ఫిల్టర్ కాఫీ కూడా చక్కెర లేకుండా తాగుతాడు. ఆ ఇష్టాన్ని తప్పుపట్టలేం. కాకపోతే అంత ధర పెట్టేముందు మీరు ఆ నాలుగోవాడి బాపతా కాదా అన్నది తేల్చుకోవాలి. ఏదైనా మంచి బార్‌లో ఒక్క పెగ్గు పోయించుకోండి. పెగ్గు ఖరీదు మండినా సీసా అంత మండదు.

లేబుల్ విషయంలో రెండు మాటలు. ముందువైపు పెద్ద అంకె ఉండి, పక్కన ఏళ్లు అన్న మాట లేకపోతే అది వయసు కాదు, అలంకారం. చట్టప్రకారం వయసు రాస్తే అందులోని అన్నిటికంటే చిన్న విస్కీ వయసే రాయాలి. "డిస్టిల్డ్ బై" లేకుండా "బాటిల్డ్ బై" మాత్రమే ఉంటే ఎవరో తీసిన సరుకు ఇంకెవరో కొని నింపి ఉండొచ్చు. అది నేరం కాదు, మంచివీ ఉంటాయి. కానీ ఆ పీపా అన్నేళ్లు ఎందుకు మిగిలిపోయిందని అడగాల్సిందే. ఏరికోరి దాచారా, ఎవరూ పట్టించుకోక మూల పడి ఉందా?

ఇండియా వెళ్తూ మామయ్యకో బాబాయికో తీసుకెళ్లేవాళ్లు మరీ జాగ్రత్త. కస్టమ్స్‌లో ఒప్పుకునేది తలా రెండు లీటర్లే కదా అని ఖరీదైనదే సర్దుతాం. అక్కడ మూత తీశాక ఇక్కడి షాపుతో పోట్లాడే దారే ఉండదు. 2025 ఫిబ్రవరిలో బోర్బన్ మీద దిగుమతి సుంకం 150 నుంచి 100 శాతానికి తగ్గింది కాబట్టి హైదరాబాద్‌లోనూ ఈ అంకెల వ్యాపారం మొదలైతే నేను ఆశ్చర్యపోను.

సింగిల్ బ్యారెల్ కొంటుంటే రుచి చూపించిన సీసా, చేతికిచ్చే సీసా పక్కపక్కన పెట్టించి బ్యారెల్ నంబరు, ప్రూఫ్ కలిశాయో లేదో చూడండి. ఫొటో తీసుకోండి, బిల్లు మీద నంబరు రాయించుకోండి. రాయనంటే బయటికొచ్చేయండి. మా పీపాలోంచి నింపిన సీసాలు ఆ బీరువాలో ఇంకా ఉన్నాయి. 22 ఏళ్లు, 128 ప్రూఫ్ అని కనిపిస్తే అదే.