వర్జీనియాలో నలుగురు అధ్యక్షుల ఇళ్ళు: మూడు రోజుల యాత్ర

అమెరికా తొలి ఐదుగురు అధ్యక్షుల్లో జాన్ ఆడమ్స్ ఒక్కరే మసాచుసెట్స్ వారు. మిగిలిన నలుగురూ, అంటే వాషింగ్టన్, జెఫర్సన్, మాడిసన్, మన్రో, వర్జీనియా భూస్వాములు. వారి ఇళ్ళు నాలుగూ మా అమ్మాయి కాపురముండే ఆష్‌బర్న్ నుండి కారులో వెళ్ళి రాగలిగినంత దూరంలోనే ఉన్నాయి. పిల్లల దగ్గరికి వచ్చే మనవాళ్ళలో చాలామంది వాషింగ్టన్ నగరంలోని స్మారకాలు, మ్యూజియంలు చూసి తిరుగు ప్రయాణం కడతారు. కాలేజీలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పిన నాకు మాత్రం, పాలరాతి విగ్రహాల కన్నా ఆ మనుషులు పడుకున్న మంచాలను, వారికి వండిపెట్టిన వారి వంటగదులను చూడాలని కోరిక. అందుకే అక్టోబరులో నేను, మా ఆవిడ, అల్లుడు గారు కలిసి మూడు రోజులకు బయలుదేరాము.

మొదటి రోజు వాషింగ్టన్ ఇల్లు, మౌంట్ వెర్నన్. పోటోమాక్ నది ఒడ్డున ఉన్న ఈ ఇంటిని 1858లో ఒక మహిళా సంఘం రెండు లక్షల డాలర్లకు కొన్నది. నేటికీ ఆ సంఘమే ప్రభుత్వ సొమ్ము తీసుకోకుండా నడుపుతోంది. దూరం నుండి రాతి కట్టడంలా కనబడుతుంది గాని, దగ్గరికి వెళితే అది చెక్క అని తెలుస్తుంది. పలకలను రాళ్ళ వరుసల్లా చెక్కి, రంగు ఆరకముందే ఇసుక చల్లారట. నడవాలో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో వాషింగ్టన్‌తో కలిసి పోరాడిన లఫాయెట్ ఫ్రాన్స్ నుండి పంపిన, ఫ్రెంచి విప్లవంలో జనం పట్టుకున్న బాస్టిల్ కోట తాళంచెవి అద్దాల పెట్టెలో వేలాడుతోంది. ఇంట్లోకి వెళ్ళడానికి టికెట్టు మీద వేళ వేసి ఇస్తారు కనుక, నిదానంగా చూడదలచినవారు పొద్దున్నే మొదటి విడతకు తీసుకోవడం మేలు. నదికి ఎదురుగా ఉన్న పొడవైన వసారాలో కుర్చీలు వేసి ఉన్నాయి. మేము తీసుకెళ్ళిన పులిహోర తినడానికి బయటికి వచ్చేముందు అక్కడ అరగంట కూర్చున్నాము.

1799లో వాషింగ్టన్ స్వయంగా రాయించిన లెక్క ప్రకారం ఈ ఎస్టేటులో 317 మంది బానిసలు ఉండేవారు. వారిలో 123 మంది ఆయన సొంతం. భార్య మరణానంతరం వారిని విడుదల చేయాలని వీలునామా రాశారు. మార్తా అంతదాకా ఆగకుండా 1801 జనవరి 1న విడుదల చేశారు. సమాధి దగ్గర జనం చాలామంది ఆగి దండం పెట్టినట్టు నిలబడతారు. దానికి కొద్ది దూరంలో, చెట్ల కింద, పేర్లు లేని బానిసల శ్మశానం ఉంది. అక్కడికీ వెళ్ళిరమ్మని గట్టిగా చెబుతాను.

ఆ రాత్రి షార్లట్స్‌విల్ శివార్లలోని ఒక హోటలులో దిగాము. ముందే డబ్బు కట్టి కింది అంతస్తులో గది అడిగాము. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. తీరా వెళ్ళాక మూడో అంతస్తు ఇచ్చారు, లిఫ్టు పనిచేయడం లేదన్నారు, వేరే గది కోసం గంటకు పైగా కూర్చోబెట్టారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు బయలుదేరే ముందు ఫోను చేసి మరొకసారి ఖాయం చేసుకోవాలి.

రెండో రోజు జెఫర్సన్ ఇల్లు, మాంటిచెల్లో. కింద టికెట్లు తీసుకుంటే షటిల్ బస్సు కొండ పైకి చేరుస్తుంది. మామూలు టికెట్టుతో కింది అంతస్తు మాత్రమే చూపిస్తారు. మెట్లు 24 అంగుళాల వెడల్పే కనుక అది మాకు నష్టంగా అనిపించలేదు. ముందు గదిలోని పెద్ద గడియారం దగ్గర నేను కదల్లేకపోయాను. దాని బరువులు తాళ్ళ మీద గోడ వెంట దిగుతూ వారాల పేర్లను చూపిస్తాయి. వారం మొత్తానికి గోడ ఎత్తు చాలకపోతే జెఫర్సన్ నేలకు కన్నం వేయించారు. శనివారం నేలమాళిగలో ఉంటుంది. ఇంత తెలివిగల మనిషి తన అప్పులను మాత్రం అదుపులో పెట్టుకోలేకపోయారు. 1826 జూలై 4న, సరిగ్గా ఆడమ్స్ కన్నుమూసిన రోజునే, లక్ష డాలర్లకు మించిన అప్పుతో మరణించారు. మరుసటి జనవరిలో 130 మంది బానిసలను వేలం వేశారు. తండ్రి ఒకరికి, తల్లి ఒకరికి, పిల్లలు మరొకరికి పోయిన ఆ వేలం గురించి మా గైడు గొంతు తగ్గించకుండా, దాచకుండా చెప్పడం నాకు ఎంతో గౌరవంగా తోచింది. జెఫర్సన్ బానిస, ఆయన పిల్లలకు తల్లి అని చరిత్రకారులు చెప్పే శాలీ హెమింగ్స్ జీవితాన్ని చూపించే గదిని 2018లో తెరిచారు. అందులో వస్తువులు పెద్దగా లేవు. ఆమె కొడుకు మాటలు, నీడలు మాత్రమే ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఎక్కక నడిచి దిగితే దారిలో జెఫర్సన్ సమాధి వస్తుంది. స్వాతంత్ర్య ప్రకటన, వర్జీనియా మత స్వేచ్ఛా శాసనం, వర్జీనియా విశ్వవిద్యాలయ స్థాపన, ఈ మూడే ఆ రాతి మీద ఉన్నాయి. అధ్యక్ష పదవి మాట లేదు.

దగ్గరలోనే ఉన్న మన్రో గారి హైలాండ్‌కు గంట చాలు. ఇన్నేళ్ళూ ఆయన ఇల్లుగా చూపించినది నిజానికి 1818 నాటి అతిథి గృహమని, అసలు ఇంటి పునాదులు పక్కనే మట్టిలో ఉన్నాయని 2016లో బయటపెట్టారు. ఆ పొరపాటును ఒప్పుకొని సందర్శకులకు వివరించడం మెచ్చుకోదగినది.

రెండో రాత్రి ఆరెంజ్ ఊళ్ళో, ఒక పాత ఇంటి కింది గదిలో ఉన్నాము. అన్నం వండుకోవడానికి ఇంటామె తన వంటగది ఇచ్చారు. హోటలు కన్నా అద్దె కొంచెం ఎక్కువే అయినా మనసు నిండింది.

మూడో రోజు మాడిసన్ ఇల్లు, మాంట్‌పిలియర్. జనం తక్కువ, గైడు మాతో కలిపి ఆరుగురికే గంటన్నర కేటాయించారు. తర్వాతి యజమానులైన డూపాంట్ కుటుంబం 55 గదులకు పెంచిన భవనాన్ని 2003 నుండి 2008 దాకా శ్రమపడి, మాడిసన్ కాలం నాటి 22 గదులకు తగ్గించారు. పై అంతస్తు గ్రంథాలయంలో కిటికీ తెరిస్తే బ్లూ రిడ్జ్ కొండలు. జెఫర్సన్ పారిస్ నుండి పంపిన పుస్తకాలు ముందేసుకుని, పాత సమాఖ్యలు ఎందుకు కూలిపోయాయో మాడిసన్ ఇక్కడే చదివి, 1787లో అమెరికా రాజ్యాంగం రాసిన సభకు ఫిలడెల్ఫియా వెళ్ళారు. 'భారత ప్రజలమగు మేము' అన్న మాటను ఎన్నో తరగతుల్లో బోధించిన నాకు ఆ గదిలో కంఠం పట్టేసింది.

అయితే ఈ ఇంటి అసలు పాఠం నేలమాళిగలో ఉంది. కేవలం రంగు తేడా చూపి మనిషి మీద మనిషి పెత్తనం చేయడాన్ని ఆ సభలోనే నిందించిన మాడిసన్, తన వీలునామాలో ఒక్కరినీ విడుదల చేయలేదు. ఆ మాటలనే శీర్షికగా పెట్టి, ఇక్కడ బతికిన బానిసల చరిత్రను వారి వారసులతో కలిసి ప్రదర్శనగా మలిచారు. గోడలోని కొన్ని ఇటుకల మీద, పచ్చిగా ఉన్నప్పుడు పట్టుకున్న పిల్లల వేలిముద్రలు అలాగే నిలిచి ఉన్నాయి. మా ఆవిడ తన చేతిని తగలకుండా దగ్గర పెట్టి చూసింది. ఆ వేళ్ళు మా మనవడి వేళ్ళంత ఉన్నాయి.

ఒక్క రోజే వీలుంటే, ఎవరు ఏమన్నా, నేను మాంట్‌పిలియర్‌కే వెళ్ళమంటాను. రెండు రోజులుంటే మాంటిచెల్లో కలుపుకోండి. మాంట్‌పిలియర్ అన్ని రోజులూ తెరిచి ఉండకపోవచ్చు కనుక, ముందుగా వేళలు చూసుకుని, తినడానికి ఏదైనా వెంట తీసుకుని బయలుదేరండి.