మజుర్కా కోసం వార్సా: ముందు డాన్స్, తర్వాతే పియానో

పందొమ్మిదో శతాబ్దపు పోలిష్ పియానో స్వరకర్త షోపాన్ కోసం పోలండ్ వెళ్ళేవాళ్ళు చాలామంది నేరుగా ఆయన పుట్టిన ఇంటికి వెళ్తారు. నన్నడిగితే ముందు ఒక సాయంత్రం పల్లె సంగీతానికి జనం డాన్స్ చేసే చోట గడపమంటాను. మజుర్కా అంటే మూడు లెక్కల పోలిష్ పల్లె డాన్స్, ఆ బాణీలో రాసిన సంగీతం కూడా. అది అక్కడ అర్థమైనంతగా ఇంకెక్కడా అర్థం కాలేదు నాకు.

వార్సాలో ఇలాంటి డాన్స్ రాత్రులు జరుగుతూనే ఉంటాయి, వసంతంలోనైతే మజుర్కాల పేరుతోనే ఒక ఉత్సవం ఉంది. నేను జూన్‌లో వెళ్ళిన చోట వాద్యాలు మూడే: ఫిడేలు, గజ్జెలున్న చిన్న డప్పు, చెల్లో అంత ఉండే బాసీ. బాసీ వాయించే పెద్దాయన ఎడమ చేతికి పెద్దగా పని లేదు. తీగల్ని ఊరికే వదిలేసి కమానుతో కోస్తుంటే ఒకటే శ్రుతి మోగుతోంది. తాళం మూడు లెక్కలదే కానీ ఊనిక మొదటి లెక్క మీద నిలవదు. ఒకసారి రెండో దాని మీద, ఇంకోసారి మూడో దాని మీద పడుతుంది. గోడ పక్కన నిలబడి పాదాలే చూశాను. చెక్క నేల మీద మడమ తగిలే చోటు ప్రతిసారీ నేననుకున్న చోటు కాదు. ఈ డాన్స్‌లో మూడు రకాలు. వేగంగా ఉండే ఒబెరెక్ మొదలయ్యేసరికి జంటలు గిర్రున తిరగడమే. కుయావియాక్ నిదానం, మజూర్ రెండింటికీ మధ్య.

షోపాన్ ఈ మూడింటినీ కలిపి యాభైకి పైగా మజుర్కాలు రాశాడు. 1824, 1825 వేసవి సెలవుల్లో షఫార్నియా అనే పల్లెలో ఈ పాటలు దగ్గర నుంచి విన్నాడు. రాసినవి మాత్రం డాన్స్ కోసం కాదు, కూర్చుని వినడానికి. పారిస్‌లో ఒక మజుర్కా ఆయన శిష్యుడు వాయిస్తుంటే ఇది రెండు లెక్కల తాళమేనని ఒపెరా స్వరకర్త మేయర్‌బీర్ వాదించాడట, షోపాన్‌కి బాగా కోపం వచ్చిందట. ఊనిక పడ్డ లెక్కని సాగదీయడం డాన్స్‌లో చూశాక ఆ గొడవ ఎందుకొచ్చిందో నాకు తెలిసింది.

షోపాన్ పుట్టిన ఊరు జెలజోవా వోలా వార్సాకి పశ్చిమాన 50 కిలోమీటర్ల పైచిలుకు. సొహాచెఫ్ దాకా లోకల్ రైలు, అక్కడి నుంచి సిటీ బస్సు. బస్సులు తక్కువ కాబట్టి తిరుగు టైము ముందే చూసుకోండి. సోమవారం వెళ్ళొద్దు, మూసి ఉంటుంది. ఇల్లు చిన్నది, లోపలి సామాను ఆ కుటుంబానిది కాదు. అయినా వెళ్ళాలి, ఎందుకంటే వేసవి వారాంతాల్లో ఇంట్లో పియానో వాయిస్తుంటే మనం బయట తోటలో కూర్చుని వింటాం. ఆ రోజు ఓపస్ 68 అనే మజుర్కాల సంపుటిలో మూడోది వాయించారు, ఆయన పోయాక 1855లో అచ్చయినది. మధ్యలో ఎడమ చెయ్యి స, ప పట్టుకుని కదలదు, ముందురోజు విన్న బాసీయే. పైన కుడి చేతిలో శుద్ధ మధ్యమం బదులు ప్రతి మధ్యమం పలుకుతుంది. శంకరాభరణం పాడుతూ పాడుతూ కల్యాణిలోకి అడుగు పెట్టినట్టు! కొన్ని క్షణాలే, మళ్ళీ మామూలైపోతుంది. పక్కనున్నవాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా కళ్ళు తుడుచుకున్నాను.

వార్సాలో వాజియెన్కి పార్కు కచేరీ తప్పక వినండి. మే నడుమ నుంచి సెప్టెంబర్ చివరి దాకా ప్రతి ఆదివారం 12కి, 4కి, పూర్తిగా ఉచితం. నాజీలు 1940లో పేల్చేసిన అక్కడి షోపాన్ విగ్రహాన్ని 1958లో తిరిగి నిలబెట్టారు, మరుసటి ఏడాది నుంచి కచేరీలు. మైకులో వినాలి, సన్నని స్వరాలు కొంత పోతాయి. కానీ ముసలివాళ్ళు, పిల్లల బండ్లు, గడ్డి మీద పడుకున్న కాలేజీ పిల్లలు అందరూ కదలకుండా వినడం చూడాలి. షోపాన్ మ్యూజియంలో ఆయన చివరి పియానో, ప్లెయెల్ కంపెనీది, ఉంది. హోలీ క్రాస్ చర్చి స్తంభంలో ఆయన గుండె ఉంది, శరీరం పారిస్‌లో.

డబ్బు దండగైంది ఒక్కచోటే. టూరిస్టుల కోసం పెట్టే ఒక సాయంత్రం కచేరీలో గంటసేపు అందరికీ తెలిసిన వాల్ట్జులు, నాక్టర్న్‌లే వాయించారు, మజుర్కా ఒక్కటీ లేదు. టికెట్ కొనేముందు ఏం వాయిస్తారో అడగండి.

బస నోవీ ష్వియాత్ వీధి చుట్టుపక్కల చూసుకుంటే చర్చి, మ్యూజియం నడక దూరమే. గది మాత్రం వెనకవైపు అడగండి. నాకు వీధివైపు ఇచ్చారు, బార్ల గోలకి రెండు దాకా నిద్ర లేదు, మార్చమంటే ఖాళీ లేదన్నారు. శాకాహారులకు బార్ మ్లెచ్నీ అనే చవక హోటళ్ళు మేలు. బంగాళాదుంప, జున్ను పెట్టిన పియెరోగి రుస్కియే బాగుంటుంది. పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లుతారు, వద్దని ముందే చెప్పాలి.

అయిదేళ్ళకోసారి అక్టోబర్‌లో జరిగే షోపాన్ పోటీకి వెళ్ళాలనుకుంటే 2030 దాకా ఆగాలి. అందులో మజుర్కాలు బాగా వాయించినవాళ్ళకి పోలిష్ రేడియో విడిగా బహుమతి ఇస్తుంది, ఫైనల్ కంటే మజుర్కాలు వాయించే రౌండ్‌కే టికెట్ చూసుకోండి.